భుజం మీద చెయ్యి

జనవరి 11

పిన్నీ,

నమస్కారం. క్షేమసమాచారాలు అడగను. నీ మోకాలి నొప్పి గురించీ, మీ కుట్టుషాపు ముందు తవ్వి వదిలేసిన గోతి గురించీ అమ్మ వచ్చి పూసగుచ్చినట్టు చెప్పింది. సెల్‌ఫోను కొననని నువ్వు భీష్మించుకు కూర్చున్నావు కాబట్టి, ఈ విశ్వవిద్యాలయంలో స్టాంపులు కొనే ఏకైక లెక్చరర్‌గా మిగిలిపోయాను. పోస్టాఫీసు కౌంటర్లో ఆయన నన్ను చూసి జాలిపడుతున్నాడు. ప్రేమలో పడ్డాననుకుంటున్నాడు.

అసలు సంగతికి వస్తాను. మా వాక్ శ్రవణ శాస్త్ర శాఖకి ఈ మార్చి ఒకటికి యాభై ఏళ్ళు నిండుతాయి. ఆ సందర్భంగా శాఖ చరిత్ర పుస్తకం వేస్తున్నారు. రాసే భారం నా భుజాల మీద పడింది. పర్మనెంటు వాళ్ళెవరూ ఒప్పుకోలేదు మరి. టెంపరరీ లెక్చరర్ అంటే విశ్వవిద్యాలయ పరిభాషలో ‘కాదనలేనివాడు’ అని అర్థం.

రాయడం మొదలుపెట్టాను కూడా. ‘పూర్వమీ ప్రదేశమంతయు నిశ్శబ్దముగా నుండెను, పిదప మా శాఖ వచ్చెను, నాటి నుండి ఎవరికీ నిద్ర లేదు’ అని. హెడ్ మేడమ్ ఎర్రపెన్నుతో అడ్డంగా గీసేశారు.

మేడమ్ గది బయట నీ ఫొటో ఉంటుంది, తలుపంత పెద్దది. రెండు జడలు, ఛాతీ మీద పట్టీలతో కట్టిన వినికిడి యంత్రం, ముందు మైకు. నీకప్పుడు ఎనిమిదేళ్ళట. కింద ‘“నాకు మాట వచ్చింది” - మన శాఖ పలికించిన తొలి వాక్యం’ అని రాసుంది. రోజూ దాని ముందు నుంచే వెళ్తాను గానీ, చరిత్రకారుణ్ణయ్యాక మొన్న తీరిగ్గా చూశాను. నీ ఎడమ భుజం మీద ఎవరిదో చెయ్యి ఉంది. వేళ్ళు, మణికట్టు, ఓ గాజు, అంతే. ఆ పైన ఫొటో చట్రం. ఈ విశ్వవిద్యాలయంలో తలలేనివాళ్ళని చాలామందిని చూశాను గానీ, చెయ్యి తప్ప ఇంకేమీ లేని మనిషిని ఇదే చూడటం. ఎవరిది?

ఇక విన్నపం. ఉత్సవం రోజున నువ్వు వేదిక మీదికి వచ్చి, అదే మైకులో, అదే వాక్యం మళ్ళీ చెప్పాలని మేడమ్ కోరిక. మైకుని గాజుపెట్టెలో దాచారు. నిన్ను దాచనందుకు సంతోషించు. ఆ తర్వాత రెండు వారాలకి నా ఉద్యోగం పర్మనెంటు చేసే ఇంటర్వ్యూ. ఈ రెండిటికీ సంబంధం లేదని మేడమ్ తనంతట తానే రెండుసార్లు చెప్పారు కాబట్టి, ఉందన్నమాట.

ఇంటర్వ్యూకి కోటు కావాలి. మీ ఇంట్లో అద్దెకుండే ఆవిడ కోట్లు బాగా కుడుతుందని అమ్మ అంది. కొలతలు వెనక రాశాను. నడుం దగ్గర కాస్త అబద్ధమాడాను, ఆవిడకి చెప్పకు.

నీ అక్క కొడుకు,
చరిత్రకారుడు (తాత్కాలికం)


జనవరి 19

చరిత్రకారుడికి (తాత్కాలికం),

ఆశీస్సులు. నడుం సంగతి చెప్పేశాను. అలవాటేనట. మగవాళ్ళెవరూ నడుం కొలత నిజం చెప్పరు కాబట్టి, ఎప్పుడూ రెండంగుళాలు కలుపుకునే కత్తిరిస్తుందట.

ఉత్సవానికి నేను రాను.

చరిత్ర కావాలన్నావు కాబట్టి అది మాత్రం రాస్తాను. మీ శాఖ పుట్టింది శరీరధర్మ శాస్త్రం వాళ్ళ భవనం వెనక రెండు గదుల్లో. అంతకుముందు అక్కడ కోతకి తెచ్చిన కప్పల్ని ఉంచేవాళ్ళు. కప్పలు పోయినా కంపు పోలేదు. బయటి చప్పుడు లోపలికి రాకూడదని లోపలి గది గోడలకి పాత పరుపులు మేకులతో కొట్టారు. వాటిలో ఎలుకలు కాపురం పెట్టాయి. అవి చప్పుడు చేసేవట. చెవులున్నవాళ్ళు చెబితే తెలిసింది.

మీ వ్యవస్థాపక ఆచార్యుణ్ణి నేను మీసాలాయన అంటాను. పెదవులు చూసి మాట గ్రహించడం నేర్పవలసిన మనిషి, పై పెదవి పూర్తిగా కప్పేసేటంత మీసాలు పెంచాడు. మిగతా సగం పెదవితోనే నేర్చుకున్నాను. మూతి ముందు కాగితం ముక్క వేలాడదీసి ‘ప’ అనమనేవాడు. కాగితం ఊగితే ‘ప’ వచ్చినట్టు. ‘మ’ అన్నప్పుడు ముక్కు మీద వేలికి అదురు తగలాలి. చేతులు మాత్రం ఎప్పుడూ తొడల కిందే. అది అక్కడి నియమం. చేతులతో సైగ చేస్తే నోటికి సోమరితనం వస్తుందని ఆయన సిద్ధాంతం. ముక్కు దురదపెట్టి చెయ్యి తీసినా స్కేలుతో పడేది.

ఆ ఒక్క వాక్యానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా నాకు లెక్కలు లేవు, కథలు లేవు, ‘ఆకలేస్తోంది’ అని చెప్పడం కూడా లేదు. ‘నాకు మాట వచ్చింది’ ఒక్కటే. ఈ ఉత్తరంలో ఉన్న మిగతా వాక్యాలన్నీ మీ అమ్మ బడి నుంచి వచ్చి పలక మీద నేర్పినవి. మీ చరిత్రలో ఆమెకి కూడా చోటుండదనుకో.

ఇక ఆ చెయ్యి. ఆ గదిలో మేమిద్దరం ఉండేవాళ్ళం. రెండో పిల్ల చెంప మీద సొట్ట పడేది. ఆ చోట వేలితో రెండుసార్లు తాకితే అదే దాని పేరు. కాగితం మీద ఆ పేరు రాయడం కుదరదు, నువ్వు సొట్టబుగ్గ అనుకో. ఫొటోలో నా పక్కన నిలబడింది. తర్వాత కోసేశారు. నా భుజం కొయ్యకుండా దాని చెయ్యి కొయ్యడం కుదరక వదిలేశారు.

ఇద్దరమున్నామని మీ పుస్తకంలో రాస్తావా? రాయవు. అందుకే రాను.

పిన్ని


జనవరి 27

పిన్నీ,

నీ ఉత్తరం చదివి కదిలిపోయాను. నిజంగానే, ఎందుకంటే బస్సులో నిలబడి చదివాను.

హాస్యం పక్కన పెడతాను, కాసేపే. సొట్టబుగ్గగారి మరణం నీ మనసుని ఇన్నేళ్ళు ఎంత తొలిచిందో ఊహించగలను. పుస్తకం చివర నివాళి పేజీ ఉంది. పదవిలో ఉండగా పోయిన ఆచార్యులు, ఒక ప్రయోగశాల సహాయకుడు, ఎవరో విరాళమిచ్చిన ఆయన. వాళ్ళతో పాటు ‘తొలినాటి విద్యార్థిని, చిన్నతనంలోనే కన్నుమూసిన చిన్నారి’ అని ఒక వాక్యం చేర్చాను. మేడమ్ ఏమీ అనలేదు. పోయినవాళ్ళ విషయంలో ఆవిడ చాలా ఉదారం.

చేతులు తొడల కింద పెట్టించడం ఇప్పుడు లేదు పిన్నీ, కాలం మారింది. ఇప్పుడు పిల్లలకి ‘చేతులు ఒళ్ళో’ అని ప్రేమగా చెబుతాం. రాసి చూసుకుంటే యాభై ఏళ్ళలో మా శాస్త్రం అంగుళమున్నర పైకి వచ్చినట్టుంది.

దయచేసి రా. ఆరేళ్ళుగా ప్రతి జూన్‌లో నన్ను తీసేసి, ప్రతి జూలైలో మళ్ళీ పెట్టుకుంటున్నారు. మేడమ్ ఆ మీసాలాయనకి ఆఖరి శిష్యురాలు. ఆవిడకి ఆ ఫొటో అంటే గురుపాదుక. ఆ ఫొటోలో పిల్ల మా పిన్ని అని తెలిసిన రోజు నుంచే నాకు కూర్చోడానికి చేతులున్న కుర్చీ దొరికింది. నువ్వు రాకపోతే కుర్చీతో సహా నేను కూడా చరిత్రలో చివరిపేజీకి వెళ్ళిపోతాను.

కోటు ఎంతవరకూ వచ్చింది? ఆ అద్దె ఆవిడని కాస్త తొందరపెట్టు.

నీ
కాదనలేనివాడు


ఫిబ్రవరి 4

కాదనలేనివాడికి,

నువ్వు చంపేసిన మనిషి నా ఎదురుగా కూర్చుని నీ కోటు కాలరుకి ఇస్త్రీ చేస్తోంది. నీ ఉత్తరం నా భుజం మీదుగా తనూ చదివింది. ఎలా పోయిందో కూడా రాయమని అడుగుతోంది. కాస్త గౌరవంగా ఏదైనా పెద్ద జబ్బు రాయమంటోంది.

ఒరేయ్, మా ఇంట్లో అద్దెకున్నవాళ్ళెవరూ లేరు. ఆ మాట మీ తాతయ్య పుట్టించింది, ఇద్దరు మూగవాళ్ళు కలిసి కాపురమెలా చేస్తారని చుట్టాలు అడిగితే చెప్పడానికి. చిన్నప్పుడు సెలవులకి వచ్చి నువ్వు చింపుకున్న చొక్కాలన్నీ కుట్టింది సొట్టబుగ్గే. ఇన్నేళ్ళలో దాని చెంప వంక ఒక్కసారీ చూడలేదా? మేమిద్దరం చేతులతో మాట్లాడుకుంటుంటే, ఈగలు తోలుకుంటున్నామా అని మీ అమ్మని అడిగావు. అప్పుడు నీకు ఆరేళ్ళు, నవ్వుకున్నాం. ఇప్పుడు మాటా వినికిడీ శాస్త్రంలో నీకు రెండు పట్టాలున్నాయి.

దాన్ని ఎందుకు పంపేశారో విను. ఆ వాక్యం ముందు వచ్చింది దానికే. నాకింకా ‘నాకు’ దగ్గరే నాలుక మడత పడుతుంటే, అది వాక్యమంతా చెప్పేసింది. మీసాలాయన మొహం చిట్లించాడు. ఆ చిట్లింపుని మాత్రం మీసాలు దాచలేకపోయాయి. మీ అమ్మ నన్ను తీసుకెళ్ళడానికి వచ్చి బయట వరండాలో కూర్చునేది, తలుపు సందులోంచి అన్నీ వినేది. దాని గొంతు ఎలా ఉంటుందని అడిగాను. ‘గిన్నె అడుగు గీకినట్టు’ అని పలక మీద రాసింది. మరి నాది? ‘పిట్ట కూసినట్టు.’ గిన్నె గీకితే ఎలా ఉంటుందో నాకు తెలీదు, పిట్ట ఎలా కూస్తుందో దానికీ తెలీదు. తెలిసినవాళ్ళు వచ్చి కూర్చుంటారు కాబట్టి ఏడాది సాధన అయ్యాక జరిగిన శాఖ ప్రారంభోత్సవం రోజున మైకు నా ముందుకి జరిపారు. నేను మైకు చూసి వెనక్కి జరుగుతుంటే అది నా భుజం మీద చెయ్యి వేసింది.

మర్నాడు వాళ్ళ నాన్నని పిలిచి, పిల్ల మందబుద్ధి, మాట రాదు అని కాగితం రాసిచ్చారు. ఆ కాగితం చూసి ఏ బడీ చేర్చుకోలేదు. పదిహేనేళ్ళ తర్వాత కుట్టుపని నేర్పే చోట బుగ్గ చూసి గుర్తుపట్టాను.

ఇప్పుడు నా షరతు. ఇద్దరమున్నామనీ, ముందు మాట వచ్చింది దానికేననీ పుస్తకంలో రాయి. వేదిక మీద రెండు కుర్చీలు వేయించు. అప్పుడు వస్తాను, నీ మైకులో ఏం కావాలంటే అది చెబుతాను. నాకేం వద్దు. అది మందబుద్ధి కాదని, ఆ మాట అన్నవాళ్ళ పుస్తకంలోనే ఒక్క పేజీ ఉండాలి.

పిన్ని

తా.క. నీ నివాళి వాక్యం కొట్టెయ్. సొట్టబుగ్గ దాన్ని మాత్రం చాలా మెచ్చుకుంది. ‘చిన్నారి’ అని తననెప్పుడూ ఎవరూ అనలేదట.


ఫిబ్రవరి 13

పిన్నీ,

చంపినందుకు సొట్టబుగ్గగారికి నా సాష్టాంగ క్షమాపణలు. హత్యాభియోగం ఉన్నవాడికి కోటు కుట్టడం పెద్దమనసు. నిజంగా సిగ్గుపడ్డాను. ఎంతగా అంటే, రోజంతా ఎవరితోనూ జోకు వేయలేదు. స్టాఫ్‌రూంలో నాకు జ్వరమేమోనని అడిగారు.

నువ్వు చెప్పింది చెప్పినట్టు రాశాను. పరుపుల గది, కాగితం ముక్క, తొడల కింద చేతులు, ముందు మాట వచ్చిన పిల్ల, ఆ పిల్లకి ఇచ్చిన కాగితం, అన్నీ. ఒక్క అక్షరం మెత్తబరచలేదు. నా జీవితంలో నేను రాసిన మంచి పేజీ అదొక్కటే. తీసుకెళ్ళి మేడమ్ బల్ల మీద పెట్టాను. కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివారు. తలెత్తి, “బాగా రాశావోయ్” అన్నారు.

కుర్చీల సంగతి చూస్తామన్నారు. నువ్వు దిగులుపడకు, అన్నీ సర్దుకుంటాయి.

రైలు టిక్కెట్లు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. చూశావుగా, రెండు.

నీ
పశ్చాత్తప్తుడు


ఫిబ్రవరి 20

నాయనా,

మీ అమ్మ నాకు నేర్పిన మాటల్లో ‘సంతోషం’ ఒకటి. ఎప్పుడోగాని వాడను. ఇప్పుడు వాడుతున్నాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివింది సొట్టబుగ్గ. ‘బాగా రాశావోయ్’ దగ్గర వేలు పెట్టి నాకు మళ్ళీ చూపించింది. ఇద్దరికీ ఒకే తానులోంచి బట్ట తీసి జాకెట్లు కుట్టింది. ఎనిమిదేళ్ళ పిల్లల్లా ఒకే రంగు ఎందుకే అంటే వినదు.

ఇంకో మాట. తను కూడా ఆ వాక్యం చెబుతుందట. నా తర్వాత, అదే మైకులో. వారం నుంచి అద్దం ముందు కాగితం ముక్క వేలాడదీసి సాధన చేస్తోంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోతున్నారు. మొన్న అది గొంతెత్తగానే పక్క షాపు కుక్క లేచి అవతలి వీధికి వెళ్ళిపోయింది. ఆ కుక్కకి మీ శాఖ పట్టా ఉన్నట్టుంది. ఇద్దరం పడీపడీ నవ్వాం.

గొంతు ఎలా ఉన్నా చెప్పనివ్వాలి. అది కుదరదంటే ఇప్పుడే రాసెయ్, దాన్ని నేను ఒప్పిస్తాను. నీ దగ్గర్నుంచి జవాబు రాకపోతే సరేనన్నావని అనుకుంటాం.

కోటుకి గుండీలూ జేబులూ మిగిలాయి. తిరిగి వచ్చాక కుట్టి పంపుతుంది.

పిన్ని


మార్చి 3

పిన్నీ,

క్షేమంగా చేరారని అమ్మ చెప్పింది. వెళ్ళేటప్పుడు నాతో చెప్పకుండా స్టేషన్‌కి వెళ్ళిపోయారు. భోజనాల దగ్గర చాలాసేపు వెతికాను. మీ ఇద్దరి ప్లేట్లూ నేనే తినవలసి వచ్చింది, కోటు నడుం ఇంకో అంగుళం పెంచమను.

ఉత్సవం అదిరిపోయింది. వైస్ ఛాన్సలర్ నీ పక్కనే కూర్చుని ఫొటో తీయించుకున్నాడు. నువ్వు మైకు ముందు చెప్పింది జనానికి సరిగ్గా అందలేదు. అంత పాత మైకుని గాజుపెట్టెలోంచి తీసి వాడితే అంతే మరి. మేడమ్ నా వంక చూశారు, నేను లేచి అందరికీ వివరించాను. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. నువ్వు కూడా చూశావు కదా.

నీ మనసులో ఏముందో తెలుసు కాబట్టి చెబుతున్నాను. పేజీ నేను రాసిన మాట నిజం. “బాగా రాశావోయ్” అని మేడమ్ అన్నదీ నిజమే. దాని తర్వాత ఇంకో వాక్యం అన్నారు, అది నీకు రాయలేదు. “వందేళ్ళ సంచికకి దాచిపెట్టు” అన్నారు. నేనేం చేయను? ఆ ఫొటో కూడా పుస్తకంలో వేసేటప్పుడు కంప్యూటర్లో కాస్త శుభ్రం చేశారు. నాకూ అచ్చయ్యాకే తెలిసింది. రెండో కుర్చీ వేయించాను, దాంట్లో విరాళమిచ్చిన ఆయన కొడుకు కూర్చున్నాడు. సొట్టబుగ్గగారిని వాలంటీర్లు వెనక వరసలో కూర్చోబెట్టారని ఆలస్యంగా తెలిసింది. నీ ఆఖరి ఉత్తరానికి జవాబు రాయాలనే ఉన్నా, ఏం రాయాలో తోచక ఆగాను. తోచేలోపల ఒకటో తారీఖు వచ్చేసింది.

ఒక్కసారి పర్మనెంటు కానీ పిన్నీ. అప్పుడు ఆ పేజీ నేనే అచ్చేయిస్తాను. నా మీద ఒట్టు. ఇంటర్వ్యూ పదిహేనున. మేడమ్ నిన్న ఎదురుపడి, “ఆ వేళ సమయస్ఫూర్తి చూపించావు” అన్నారు.

కోటు పంపించమని చెప్పవూ.

నీ
అక్క కొడుకు


మార్చి 9

అక్క కొడుక్కి,

మీ శాఖ నాకు రెండు విద్యలు నేర్పింది. ఒకటి ఆ వాక్యం. రెండోది పెదవులు చూసి మాట తెలుసుకోవడం. మొదటిది నీకు గుర్తుంది. రెండోది మర్చిపోయావు.

పుస్తకం నాకు వేదిక మీదే ఇచ్చారు. పేజీలు తిప్పాను. ఫొటోలో నా భుజం శుభ్రంగా ఉంది. యాభై ఏళ్ళ పాటు కొయ్యలేకపోయిన చేతిని తుడిచేశారు, శాస్త్రం చాలా ముందుకి వెళ్ళింది. తలెత్తి చూస్తే సొట్టబుగ్గ ఆఖరి వరసలో గోడ పక్కన ఉంది. నన్ను చూసి, తన వంతు ఎప్పుడని సైగ చేసింది.

అందుకని మైకులో నేను వేరే వాక్యం చెప్పాను. “ముందు మాట వచ్చింది దానికి.” చెప్పి వెనక వరసకి వేలు చూపించాను. జనానికి అర్థం కాలేదు, సరే. నీకు అర్థం కాలేదంటే ఒప్పుకోను. ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచి నా గొంతు విన్నవాడివి. మీ అమ్మ తర్వాత నా మాట పూర్తిగా తెలిసేది ఈ లోకంలో నీకొక్కడికే. అందుకే కదా మీ మేడమ్ నీ వంక చూసింది.

నువ్వు లేచావు. కెమెరా నీ వైపు తిరిగింది, వేదిక వెనక పెద్ద తెర మీద నీ మొహం గోడంత అయింది. పెదవులు గుమ్మాలంత ఉన్నాయి. “ఆమె ‘నాకు మాట వచ్చింది’ అంటున్నారు, ఆనందంతో గొంతు పూడుకుపోయింది” అన్నావు. ఒక్కో అక్షరం విడివిడిగా, తప్పు లేకుండా. పాఠం చెప్పడం బాగా వచ్చు నీకు. మీసాలాయనకున్న తెలివి మాత్రం లేదు. మా ముందు అబద్ధం చెప్పదలచినవాడు ముందు మీసాలు పెంచుకోవాలి.

నేను ఒక్కదాన్నే చదివాననుకోకు. అంత పెద్ద తెర, ఆఖరి వరసకి కూడా కనిపించింది. సొట్టబుగ్గ లేచి నిలబడింది. అదే క్షణంలో హాలంతా చప్పట్లకి లేచింది కాబట్టి, అది లేచినట్టు ఎవరికీ తెలియలేదు. ఆ చప్పట్ల మధ్య అది తన వాక్యం చెప్పింది. అంత దూరం నుంచి పెదవులు కనపడవు. కానీ ఆ వాక్యంలో గడ్డం ఎక్కడ దిగుతుందో, ఎక్కడ పైకి లేస్తుందో నాకు తెలుసు. పూర్తిగా చెప్పింది. పక్కనున్నవాళ్ళు కూడా తిరిగి చూడలేదు. అంతమంది శ్రవణ శాస్త్రజ్ఞులు ఒకేసారి చెవిటివాళ్ళవడం ఆ రోజే చూశాను.

రైల్లో దారి పొడవునా అది చేతులు ఒళ్ళోనే పెట్టుకుంది. నువ్వన్న ఆ అంగుళమున్నర పైన.

వందేళ్ళ సంచికకి మేం ఉండం. అప్పుడు నివాళి పేజీలో ఏం రాసుకుంటావో రాసుకో.

కోటు పార్సెల్ చేశాను. నేను వద్దన్నాను, మొదలుపెట్టిన బట్టని మధ్యలో వదలడం తనకి చేతకాదంది. నడుం సరిపోతుంది. జేబులు మాత్రం కుట్టలేదు. ఇంటర్వ్యూలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియకపోతే, దానికి మీ శాఖలో పాత పద్ధతి ఒకటి ఉంది.

పిన్ని